దండం ఒకరిది, కాలం ఇంకొకరిది

బ్యాండు ముందు వెండి పొన్ను వేసిన పొడుగాటి దండాన్ని ఎగరేసి పట్టుకుంటూ నడిచే మనిషే బ్యాండు మాస్టరని, విశాఖలో పుట్టి పెరిగి కూడా, పాతికేళ్ళు వచ్చేదాకా నేను అనుకున్నాను. డిసెంబరు 4 నేవీ డే. ఆ వేడుకల సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఇసుక వేస్తే రాలదు. 1971లో కరాచీ రేవు మీద మన క్షిపణి పడవలు దాడి చేసిన రోజుకు గుర్తుగా జరిగే పండగ అది. హెలికాప్టర్లు వస్తాయి, మెరైన్ కమాండోలు దూకుతారు, చీకటి పడ్డాక ఓడలు దీపాలు వెలిగించుకుంటాయి. జనం వాటి కోసమే వస్తారు. నా చెవులు మాత్రం బ్యాండు మీదే ఉండేవి. మా అమ్మ దగ్గర నేర్చుకున్న నాలుగు వర్ణాల వల్ల కాబోలు, అంతమంది అన్ని రకాల వాద్యాలు పట్టుకుని నడుస్తూ కూడా తాళం తప్పకుండా ఎలా వాయిస్తారన్నదే నాకు పెద్ద వింత.

మా వీధిలో నౌకాదళ బ్యాండులో క్లారినెట్ వాయించి రిటైరైన మాస్టారు ఒకరు ఉండేవారు. ఒకరోజు ఆయన్నే అడిగాను. “ఆ దండం పట్టుకున్నాయన డ్రమ్ మేజరమ్మా. ఆయన మమ్మల్ని నడిపిస్తాడు. పాటను నడిపించే మనిషి వేరు, ఆ మనిషి నీకు కనబడడు” అన్నారు. ఆ మాట పట్టుకుని నేను తెలుసుకున్నదంతా ఇక్కడ చెబుతాను. పాటను నడిపించే ఆ మనిషినే కండక్టర్ అంటారు. సైనిక బ్యాండు కండక్టర్ పనిలో మన కంటికి కనిపించేది ఆవగింజంత. మిగతాదంతా గదిలో, కాగితం మీద, చెవిలో జరుగుతుంది.

మనం ‘బ్యాండు మాస్టరు’ అని ఒకే పేరుతో పిలిచేది నిజానికి ముగ్గురిని. డ్రమ్ మేజర్ చేతిలోది మేస్ అనే దండం. నడిచే బ్యాండు మొత్తానికీ అదే సైగల భాష. దాన్ని ఎత్తితే ఒక అర్థం, పక్కకు చాపితే ఒక అర్థం. తిరగాలా, ఎదురు తిరిగి వరసల మధ్యలోంచి వెనక్కి రావాలా, ఆగాలా, అంతా అందులోనే ఉంటుంది. ఆయన వెనకే మొదటి వరసలో ట్రాంబోన్లు ఉండడం మీరు గమనించే ఉంటారు. స్లయిడు ముందుకు చాచడానికి ఎదురుగా ఖాళీ కావాలి, అందుకని. రెండో మనిషి బ్యాండ్ మాస్టర్. ఆయన అనుభవం పండిన సీనియర్ నావికుడు, సైన్యంలో అయితే జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) హోదా. రోజువారీ సాధన, ఎవరి వాద్యం ఎలా ఉంది, ఎవరి పెదవి అలిసింది, కొత్త కుర్రాడు ఏ స్వరం దగ్గర తడబడుతున్నాడు అన్నవన్నీ చూసుకునేది ఆయనే. మూడో మనిషి డైరెక్టర్ ఆఫ్ మ్యూజిక్, కమిషన్డ్ ఆఫీసరు. ఏ సభకు ఏ పాట, దాన్ని ఏ వాద్యాలకు ఎలా పంచాలి, పెద్ద కచేరీలో కాలం చూపించే చిన్న పుల్ల, బ్యాటన్, ఎవరు పట్టాలి అన్నది ఆ స్థాయిలో తేలుతుంది. చిన్న బ్యాండుల్లో రెండో మనిషే మూడో మనిషి పని కూడా చేస్తాడు. బ్యాండు నడుస్తున్నంత సేపూ అధికారం దండానిది. వందనం స్వీకరించే వేదిక, అంటే సెల్యూటింగ్ డయాస్ ఎదురుగా ఆగి వాయించేటప్పుడు బ్యాటన్‌ది.

సైన్యంలో బ్యాగ్‌పైపులు, డ్రమ్ములతో నడిచే పైప్ బ్యాండు వేరే జాతి. దానికి పైప్ మేజర్ ఉంటాడు. క్లారినెట్లు, శాక్సఫోన్లు, కార్నెట్లు, హార్న్‌లు, యూఫోనియం, ట్యూబాలతో ఉండేదే మిలిటరీ బ్యాండు. విశాఖలో తూర్పు నౌకాదళం బ్యాండుగా మనం వినేది ఈ రెండో రకాన్ని. నేను మాట్లాడుతున్నదీ దాని గురించే.

*

ఇక అసలు చిక్కు. కవాతు క్విక్ మార్చ్ సుమారుగా నిమిషానికి 120 అడుగులు. అంటే ఒక అడుగుకూ ఇంకో అడుగుకూ మధ్య అర సెకను. పెద్ద డ్రమ్ము దెబ్బ ఎడమ కాలు మీద పడాలి, అది మూల సూత్రం. మన ఊరి ఎండలో ధ్వని సెకనుకు దాదాపు 345 మీటర్లు పరిగెడుతుంది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. బ్యాండు నుంచి 85 మీటర్ల దూరాన ఉన్న దళానికి డ్రమ్ము దెబ్బ పావు సెకను ఆలస్యంగా వినిపిస్తుంది, అంటే సగం అడుగు. దాదాపు 170 మీటర్ల దూరంలో ఉన్నవాడికి పూర్తి అర సెకను. అతను చెవినే నమ్ముకుంటే, బ్యాండువాళ్ళు కుడి కాలు మోపే వేళకు అతను ఎడమ కాలు మోపుతాడు. ఎవరి తప్పూ లేదు. ఇద్దరూ తమకు వినిపించిన దెబ్బకే సరిగ్గా అడుగు వేస్తున్నారు. అయినా డయాస్ మీద నిలబడ్డ మనిషికి కవాతు మొత్తం అల కొట్టినట్టు కనిపిస్తుంది.

బీచ్ రోడ్డు లాంటి పొడుగాటి చోట ఇది పుస్తకంలో లెక్క కాదు, నిత్యం ఎదురయ్యే బాధ. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష సందర్భంగా, 2022 ఫిబ్రవరిలో మిలన్ అనే నౌకా విన్యాసాల సందర్భంగా ఈ రోడ్డు మీదే దేశదేశాల దళాలు కవాతు చేశాయి. ఒక బ్యాండు పాట చివర ఇంకో బ్యాండు పాట మొదలుతో కలిసిపోయే చోట నిలబడి చూసినవాళ్ళకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. దీనికి మందులు కొన్ని ఉన్నాయి. బ్యాండును వరస కొసన కాకుండా మధ్యలో పెడతారు. దూరపు దళాలకు సొంతంగా ఒక డ్రమ్ము ఇస్తారు. లౌడ్‌స్పీకర్లు పెడతారు, కానీ తీగలోంచి వచ్చే శబ్దం వెంటనే, గాల్లోంచి వచ్చే శబ్దం ఆలస్యంగా చెవిన పడి రెండు దెబ్బలుగా వినిపించే ప్రమాదం ఉంది. అన్నింటికన్నా పెద్ద మందు సాధనే. చెవికి ఏది వినిపించినా కాలు లోపలి లెక్కను వదలకూడదు.

ఆగి వాయించే బ్యాండులో కూడా ఇదే సమస్య చిన్న రూపంలో ఉంటుంది. ముందు వరసకూ వెనక డ్రమ్ములకూ 15, 20 మీటర్ల ఎడం ఉంటే సెకనులో ఇరవయ్యో వంతు తేడా. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. కానీ వేగంగా నడిచే స్వరాల్లో ఆ తేడా పాటను మసకబారుస్తుంది. అందుకే వెనక వరసవాళ్ళకు కండక్టర్ ఇచ్చే మొదటి ఆజ్ఞ, మనలాంటి సంగీతం నేర్చుకున్నవాళ్ళకు మింగుడు పడనిది: “ముందువాళ్ళని వినొద్దు, నా చేతిని చూడు.” కచేరీలో మృదంగం పక్కనే కూర్చుని, ఒకరినొకరు వింటూ, కళ్ళు మూసుకుని కూడా కలవగల సంప్రదాయం మనది. అక్కడ వినడమే కలయిక. ఇక్కడ వింటే తప్పుతుంది, చూస్తేనే కలుస్తుంది. కాంతి వేగానికి దూరం లెక్కలోకి రాదు కాబట్టి, కండక్టర్ చేతిలోని చిన్న తెల్లని పుల్ల అంతమందికీ ఒకే క్షణాన అందే ఒకే ఒక్క సమాచారం. బ్యాటన్ ఎందుకుందో నాకు నిజంగా అర్థమైంది ఆ లెక్క వేసుకున్నాకే.

లయలో ఇంకొక సంగతి మాస్టారు చెప్పగా తెలిసింది. కవాతు పాటలు ఎక్కువగా రెండు నడకల్లో ఉంటాయి. ఒకటి చతురశ్రం, అడుగుకు ‘తకధిమి’. రెండోది తిశ్రం, అడుగుకు ‘తకిట’. పడమటి లిపిలో దాన్ని 6/8 అని రాస్తారు, కాస్త ఊగుతూ, నవ్వుతూ నడిచినట్టుంటుంది. ఐదు లెక్కల ఖండచాపు, ఏడు లెక్కల మిశ్రచాపు కవాతుకు ఎందుకు పనికిరావు? మనిషికి కాళ్ళు రెండు. ఏడు లెక్కలో నడిస్తే మొదటి ఆవర్తంలో సమం, అంటే తాళం మొదటి దెబ్బ, ఎడమ కాలి మీద పడుతుంది, రెండో ఆవర్తంలో కుడి కాలి మీద. డ్రమ్ము దెబ్బ ఎడమ కాలిదే అన్న సూత్రం అక్కడే కుప్పకూలుతుంది. కూర్చుని వాయించే కచేరీలో మాత్రం ఎన్ని చాపు తాళాలైనా వాయించుకోవచ్చు.

*

కండక్టర్ ఎదుట స్టాండు మీద ఉండే పెద్ద కాగితాన్ని స్కోరు అంటారు. ఒకదాని కింద ఒకటిగా ఇరవై, పాతిక వరసలు. ఒక్కో వరస ఒక్కో వాద్యానిది. అన్నింటినీ ఒకే చూపులో నిలువుగా చదవాలి. అది చాలదన్నట్టు అందులో ఇంకో మెలిక. మామూలు క్లారినెట్ వాయించేవాడు ‘సి’ అని రాసిన స్వరం వాయిస్తే మనకు వినిపించేది ‘బి ఫ్లాట్’. ఆల్టో శాక్సఫోన్‌లో అదే ‘సి’ రాస్తే వినిపించేది ‘ఇ ఫ్లాట్’. ఫ్రెంచ్ హార్న్‌లో ‘ఎఫ్’. ఫ్లూట్‌లో ఉన్నది ఉన్నట్టే.

దీన్ని మన మాటల్లో చెప్పుకుందాం. నలుగురు గాయకులను పక్కపక్కన కూర్చోబెట్టాం. ఒకరిది ఒకటి శ్రుతి, ఒకరిది ఆరున్నర, ఒకరిది రెండున్నర, ఒకరిది నాలుగు. ఎవరి ‘స’ వారిది. ఇప్పుడు నలుగురి నోటా ఒకే స్వరం పలకాలంటే ఒకరికి ‘స’ అని, ఇంకొకరికి ‘రి’ అని, మరొకరికి ‘ద’ అని, నాలుగో ఆయనకు ‘ప’ అని రాసివ్వాలి. కండక్టర్ కంటితో ఆ నాలుగు శ్రుతుల లిపినీ చదువుతూ, మనసులో ఒకే శ్రుతికి మార్చుకుంటూ, పాతిక మందిలో ఎవరి స్వరం తప్పిందో ఆ క్షణాన పట్టుకోవాలి. ఏళ్ళ తరబడి సాధించాల్సిన విద్య ఇది. బ్యాటన్ ఊపడం వారంలో వస్తుంది.

శ్రుతి మాట వచ్చింది కాబట్టి వాతావరణం సంగతి. గాలి వాద్యం లోపలి గాలి వేడెక్కే కొద్దీ శ్రుతి పైకి పోతుంది. పక్కపక్క స్వరస్థానాల మధ్య ఎడాన్ని సెమీటోన్ అంటారు. డిగ్రీకి అందులో నూటికి మూడు వంతుల చొప్పున వేసుకుంటే, ఏసీ హాల్లో కలిపిన శ్రుతి పది డిగ్రీలు వేడెక్కువున్న చోటికి వెళ్ళేసరికి సెమీటోన్‌లో మూడో వంతు దాకా జరగవచ్చు. వాయించేవాళ్ళ ఊపిరి వేడి వాద్యాన్ని కొంత నిలకడగా ఉంచుతుంది, అయినా తేడా తెలుస్తుంది. అన్ని వాద్యాలూ కలిసి ఎక్కితే ఇబ్బంది లేదు. గ్లాకెన్‌స్పీల్ అనే లోహపు పలకల వాద్యం మాత్రం ఎక్కదు, ఉన్నచోటే ఉంటుంది. ఇంకా చెప్పాలంటే వేడికి ఒక పిసరు దిగుతుంది. సముద్రిక ఆడిటోరియంలో తీయగా వినిపించిన ఆ గంటల మోత, నాలుగు గంటల ఎండలో బీచ్‌లో కీచుమంటే తప్పు వాయించినవాడిది కాదు. ఉప్పుగాలికి ఇత్తడి వాద్యాల కవాటాలు బిగుసుకోవడం, తేమకు క్లారినెట్ రెల్లు రీడు ఉబ్బడం విశాఖ బ్యాండుకు నిత్యకృత్యం.

*

ఇంతదాకా చెప్పినదంతా పడమటి పద్ధతి. దీనికీ మన సంగీతానికీ చుట్టరికం మనం అనుకునేదానికన్నా పాతది, దగ్గరిది. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు పరిసరాల్లో ఉన్న రోజుల్లో ఈస్టిండియా కంపెనీ బ్యాండులు వాయించే మెట్లు విని, శంకరాభరణ స్వరాల్లో సంస్కృత సాహిత్యం కూర్చారు. నోటుస్వరాలని పిల్లలకు ఇప్పటికీ నేర్పే ఆ రచనలు సుమారు 40 దాకా ఉన్నాయి. ‘సంతతం పాహిమాం’ మెట్టు బ్రిటిష్ రాజగీతానిదే. తంజావూరులో శరభోజి కొలువులో పాశ్చాత్య వాద్యాల బ్యాండు ఉండేది. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ ‘రఘువంశ సుధాంబుధి’ కీర్తన కూర్చిన రాగం పేరే కదనకుతూహలం, అంటే యుద్ధోత్సాహం. ఆ చిట్టస్వరాలు వింటూ కాలు కదపకుండా కూర్చున్నవాళ్ళను నేను చూడలేదు.

మన ఊరికి వస్తే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. 1893లో దీపావళి నాడు బెంగళూరులో పుట్టి, విశాఖలో పెరిగారు. తండ్రి సైన్యంలో పనిచేసిన అధికారి. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో 26 ఏళ్ళకే వయొలిన్ ఆచార్యులై, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన కమాను పట్టులో పాశ్చాత్య పద్ధతి అందం ఉందని విద్వాంసులు అంటూనే ఉంటారు. ఫౌజు వాతావరణం తెలిసిన ఇంట్లో పెరిగిన చెవికి ఆ నాదం పరాయిది కాదని నాకు అనిపిస్తుంది.

అందుకే “బ్యాండు మనది కాదు” అనే మాట నాకు మింగుడు పడదు. మన పెళ్ళి ఊరేగింపులో కార్నెట్లు, క్లారినెట్లు, శాక్సఫోన్లు పట్టుకుని వచ్చే బ్యాండు మేళం ఎక్కడిది? కంటోన్మెంట్ల నుంచి, సంస్థానాల నుంచి వీధిలోకి నడిచొచ్చినదే. వేషం, వాద్యం, పేరు కూడా అక్కడివే.

బాణీల సంగతి మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. గణతంత్ర వేడుకల ముగింపుగా ఢిల్లీ విజయ్ చౌక్‌లో జనవరి 29న జరిగే బీటింగ్ రిట్రీట్‌లో ఏళ్ళ తరబడి వాయించిన ‘అబైడ్ విత్ మి’ని 2022లో తీసేశారు. అప్పుడు రెండువైపులా చాలా వాదన జరిగింది. స్వదేశీ బాణీలు పెరగడం నాకు సంతోషమే. కానీ ఆ వాదనలో ఎవరూ ప్రస్తావించని మనిషి ఒకరున్నారు. ఆ బాణీని బ్యాండుకు పంచి రాయాల్సిన అరేంజర్. చాలాసార్లు ఆ పనీ కండక్టర్‌దే.

మన రాగాన్ని బ్యాండుకు రాయడం ఎందుకు కష్టమో ఒక్క ఉదాహరణ చాలు. మోహన రాగం తేలిక. ఐదు స్వరాలు, అన్నీ నిటారుగా నిలబడతాయి, ఏ వాద్యంలోనైనా పలుకుతాయి. అదే తోడి రాగంలో గాంధారం ఒక చోట నిలబడదు, ఊగుతుంది. ఆ ఊపే తోడి. మూడు కవాటాలున్న కార్నెట్‌లో ఆ గమకం ఒక్కడు కష్టపడి పలికించవచ్చు. పది మంది ఒకేసారి ఒకేలా ఊపడం జరిగే పని కాదు. అప్పుడు అరేంజర్ ముందు రెండు దారులు. అందరిచేతా మెట్టును మొద్దుగా వాయించి “భారతీయ బాణీ” అనిపించుకోవడం ఒకటి. గమకం ఉన్న చోట ఒకే ఒక క్లారినెట్‌కు వదిలి, మిగతావాళ్ళతో కింద స-ప ఆధారశ్రుతి మెల్లగా పట్టించి, స్వరాలు నిటారుగా ఉన్న చోట బ్యాండంతటినీ ఒక్కసారి లేపడం రెండోది. మొదటిది విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. రెండోది విన్నప్పుడు ఆ రాసినాయనకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కచేరీల్లో పాట పేరు చెబుతారు, స్వరకర్త పేరు చెబుతారు. బ్యాండుకు పంచి రాసిన మనిషి పేరు చెప్పడం అరుదు. ఈ పద్ధతి మారాలి.

*

కండక్టర్ బాధ్యత అంతా ఒక్క నిమిషం లోపు తేలిపోయే సందర్భం జాతీయగీతం. పూర్తి పాఠం సుమారు 52 సెకన్లు, మొదటి చివరి పాదాల చిన్న పాఠం సుమారు 20 సెకన్లు. బ్యాండు వాయించేటప్పుడు జనానికి ముందుగా తెలియడానికి డ్రమ్ముల మోత ఉంటుంది. దాన్ని కూడా ప్రభుత్వ నియమాలు వర్ణించాయి: నెమ్మది కవాతులో ఏడడుగులు వేసేంత సేపు, సన్నగా మొదలై, వీలైనంత పెద్దదై, మళ్ళీ సన్నబడి, అయినా ఏడో అడుగుదాకా వినబడుతూనే ఉండాలి. తర్వాత ఒక దెబ్బ మౌనం. అప్పుడు గీతం. ఆ ఒక్క దెబ్బ మౌనంలో కండక్టర్ చెయ్యి గాల్లో ఉంటుంది. కాలప్రమాణం ఏదన్నది అప్పటికే ఆయన లోపల కదలాలి. కొంచెం వేగంగా ఎత్తుకుంటే గీతం ఉరుకుతుంది, నెమ్మదిస్తే పాడేవాళ్ళ ఊపిరి చాలదు. మధ్యలో దిద్దుకోవడానికి సమయం లేదు.

ఈ గీతానికి మన గడ్డ మీద ఒక ముఖ్యమైన మజిలీ ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలో, బిసెంట్ థియోసాఫికల్ కళాశాలలో ఉన్నప్పుడు దీన్ని తానే ఇంగ్లీషులోకి మార్చారు. అక్కడి ప్రిన్సిపాల్ భార్య, పాశ్చాత్య సంగీతం చదువుకున్న మార్గరెట్ కజిన్స్, బాణీకి స్వరలిపి రాశారు. నోట విని నేర్చుకునే పాట, ఎక్కడి వాద్యగాడైనా చూసి వాయించగల కాగితంగా మారడంలో ఆ మజిలీ చిన్నది కాదు. తర్వాత బ్యాండులకు అనువుగా కూర్చడంలో హెర్బర్ట్ మురిల్ అనే ఆంగ్ల సంగీతజ్ఞుడి చెయ్యి ఉంది.

అసలు బ్రిటిష్ రాజగీతం దగ్గరే సైనిక సంగీత విద్య మొదలైందని ఒక కథ చెబుతారు. 1854లో క్రిమియా యుద్ధ సమయంలో విక్టోరియా రాణి పుట్టినరోజున టర్కీలోని స్కుటారిలో బ్రిటిష్ పటాలాల బ్యాండులన్నీ కలిసి వాయించబోతే, ఎవరి శ్రుతి వారిది, ఎవరి కూర్పు వారిది అయి రాజగీతం రసాభాస అయిందట. అప్పటిదాకా ఏ పటాలం ఆఫీసర్లు ఆ పటాలానికి జీతమిచ్చి బయటి మాస్టర్లను, తరచుగా జర్మన్లను, ఇటాలియన్లను తెచ్చుకునేవారు. 1857లో లండన్ శివార్లలో నెల్లర్ హాల్ శిక్షణ సంస్థ పుట్టింది. మన దేశంలో అలాంటి బడి 1950 అక్టోబరులో, జనరల్ కరియప్ప ప్రోత్సాహంతో మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో మొదలైంది. నౌకాదళానిది వేరు. ముంబై కొలాబాలోని ఐఎన్ఎస్ కుంజాలిలో వాళ్ళ సంగీత పాఠశాల ఉంది.

*

ఒక కుర్రాడు ఆ బ్యాటన్ దాకా ఎలా వెళతాడు? నౌకాదళంలో అయితే పదో తరగతి పాసై, వాద్యం చేతకాగలిగి, శ్రుతి లయ జ్ఞానం పరీక్షలో నెగ్గి నావికుడిగా చేరతాడు. ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో ముందు అందరిలాగే కవాతు, ఈత, క్రమశిక్షణ. తర్వాత కుంజాలిలో సంగీతం. ఆ తర్వాత విశాఖో, కొచ్చియో, ముంబైయో. వరసలో మూడో క్లారినెట్‌గా మొదలుపెట్టి, మొదటి క్లారినెట్ కుర్చీకి రావడానికే ఏళ్ళు పడుతుంది. ఆపైన స్వరమైత్రి శాస్త్రం (హార్మనీ), స్కోరు చదవడం, పంచి రాయడం, ప్రతి వాద్యం మీద కనీస పట్టు. మంచి వాద్యగాడు మంచి కండక్టర్ అవుతాడన్న హామీ లేదు. తన వాద్యం తప్ప మిగతావి వినిపించని విద్వాంసులు ఎక్కడైనా ఉంటారు.

దీనికి ఈ కాలపు చిక్కు ఒకటి తోడైంది. ఇప్పుడు బ్యాండులోకి చేరే కొత్త నావికులు అగ్నివీరులు. నాలుగేళ్ళ సేవ, ఆ తర్వాత నూటికి 25 మంది దాకా మాత్రమే కొనసాగే వీలు. తుపాకీ నేర్పడానికి నాలుగేళ్ళు చాలునో చాలదో నేను చెప్పలేను. మొదటి కుర్చీ క్లారినెట్టుకు మాత్రం చాలదు. రేపటి బ్యాండ్ మాస్టర్ ఆ 25 మందిలో నుంచే రావాలి కాబట్టి, నాలుగో ఏట జరిగే ఎంపికలో చెవి ఉన్నవాడిని వదులుకోకుండా చూడడం ఇప్పటి మాస్టర్ల నెత్తిన పడ్డ కొత్త బాధ్యత.

ఈ వృత్తిలో ఒక నిండు జీవితం చెప్పమంటే నేను రామ్‌సింగ్ ఠాకురి పేరు చెబుతాను. 1914లో ధర్మశాల దగ్గర పుట్టి, కుర్రతనంలోనే గూర్ఖా రైఫిల్స్ బ్యాండులో చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌కు బందీగా చిక్కి, ఆజాద్ హింద్ ఫౌజులో చేరి, నేతాజీ కోరిక మీద ‘కదమ్ కదమ్ బఢాయే జా’కు, ఆజాద్ హింద్ ప్రభుత్వ గీతానికి బాణీ కట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక ఉత్తరప్రదేశ్ సాయుధ పోలీసు దళం బ్యాండును నడిపించారు. 2002లో కన్నుమూశారు. దేశం మొత్తం నడుస్తూ పాడుకునే బాణీ ఇచ్చిన మనిషి ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం లక్నోలో ఒక పోలీసు బ్యాండు గదిలో కుర్రాళ్ళకు స్వరాలు దిద్దుతూ గడిచింది. దాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు. ఆ పని స్వరూపమే అది.

శరీరం కూడా ఈ ఉద్యోగంలో లెక్కలోకి వస్తుంది. ఇత్తడి వాద్యం పెదవుల కండరం మీద, ముందు పళ్ళ మీద బతుకుతుంది. ఒక పన్ను కదిలితే ఇరవై ఏళ్ళ సాధన కదులుతుంది. మూసిన గదిలో ఏళ్ళ తరబడి ట్రంపెట్ల ముందు కూర్చుంటే వినికిడికి ముప్పు. యుద్ధం వస్తే సైన్యంలో పటాలం బ్యాండువాళ్ళు వాద్యాలు దించి, గాయపడినవాళ్ళను మోసే స్ట్రెచర్లు ఎత్తుతారు. ఆ శిక్షణా వాళ్ళకు ఉంటుంది.

ఓడల్లో సూర్యాస్తమయాన జెండా దించే వేళ మోగే బ్యూగిల్‌కు కవాటాలు లేవు. అందులో పలికేవి మన లెక్కలో స, గ, ప మాత్రమే, రెండు స్థాయిల్లో కలిపి ఐదు. పొద్దున ఎనిమిదింటికి జెండా ఎత్తేటప్పటి పిలుపూ వాటితోనే. సంధ్యవేళ డాల్ఫిన్స్ నోస్ కొండ నల్లబడుతుండగా ఆ మూడు స్వరాలే వింటే, మిగతా నాలుగూ ఎందుకు లేవని ఎవరికీ అనిపించదు.

మా మాస్టారు రిటైరయ్యాక ఒక స్కూలు బ్యాండుకు నేర్పేవారు. పిల్లలకు వాద్యం ఇచ్చేది మూడో నెలలో. మొదటి రెండు నెలలూ మైదానంలో నడకే, నోటితో ‘తకధిమి’ అంటూ. ఆయన ట్రంకు పెట్టెలో చేత్తో రాసిన స్కోర్లు రెండు కట్టలు ఉండేవి. పెన్సిలుతో రాసి, చెరిపి, మళ్ళీ రాసినవి. వాటిలో మా అమ్మ పాడే ఒక జాలరి పదం కూడా ఉంది. మా వరండాలో కూర్చుని విని, ఏమీ అనకుండా వెళ్ళి, నెల తర్వాత రాసుకొచ్చారు. ముందు ఒంటరి క్లారినెట్, తర్వాత తెడ్డు వేసినట్టు కింద యూఫోనియంలు, డ్రమ్ము చివరిదాకా లేదు. దాన్ని పిల్లలు వార్షికోత్సవంలో ఒకసారి వాయించారు. ఏడుగురు క్లారినెట్లలో ఇద్దరికి ఆ రోజు రీడ్లు పాడయ్యాయి. మాస్టారు వేదిక పక్కన నిలబడి కుడిచేత్తో కాలం వేస్తూ, ఎడమచేత్తో ఆ ఇద్దరికీ ‘ఊరుకోండి, పెదవి తీయకండి, మిగతావాళ్ళు చూసుకుంటారు’ అని సైగ చేశారు.